రెండు లెక్కలూ కలవని గుండె

గుండె ఎవడిదైనా కావచ్చు, అది కొట్టుకునే పద్ధతి మాత్రం సర్కారు వారిది. పాలకొల్లుకి ఆమడ దూరంలో, కాలవగట్టు మీది ధర్మాసుపత్రిలో ఈ సంగతి గోడకి అంటించి మరీ చెప్పారు. పద్నాలుగో నిబంధన: రోగి నాడి రెండుసార్లు లెక్కపెట్టాలి, రెండు లెక్కలూ కలిస్తేనే రిజిస్టరులో ఎక్కించాలి, రిజిస్టరులో ఎక్కనివాడికి మందు లేదు. (చదువు రానివాళ్ళ సౌకర్యార్థం ఇంగ్లీషులో కూడా రాశారు.)

లోవమ్మ చేపలమ్ముకునే మనిషి. నెల్లాళ్ళుగా ఆవిడ మొగుడు సత్తియ్య గడకర్రతో నాలుగు పోట్లు పొడిచేసరికి రొప్పుతూ పడవలో కూలబడుతున్నాడు. రొమ్ము మీద చెయ్యేసి చూస్తే, బుట్టలో పడ్డ కొరమీను కొట్టుకున్నట్టుంది. ఒక దెబ్బ గట్టిగా, రెండు మెత్తగా, ఒకటి అసలే లేదు. మరిది పల్లంరాజు చేత పడవ నడిపించుకుని, మొగుణ్ణి ఆసుపత్రికి తెచ్చింది.

కాంపౌండరు అప్పాజీ గారు గడియారం తీసి నాడి పట్టారు. నూటపది. మళ్ళీ పట్టారు. తొంభై రెండు. మూడోసారి పట్టబోయి, మూడో లెక్కకి రిజిస్టరులో గడి లేదని గుర్తొచ్చి మానేశారు.

"ఈ జబ్బు నాకు తెలుసమ్మా. గుండె వరస తప్పింది. అదిగో, ఆ సీసాలో డిజిటాలిస్ చుక్కలు పడితే కుదుటపడుతుంది."

"అయితే పొయ్యండి బాబుగారూ."

"ఎలా పోస్తాను? రెండు లెక్కలూ కలవలేదు కదా!"

"కలవకపోవడమే జబ్బన్నారు కదండీ?"

"జబ్బు వేరు, రిజిస్టరు వేరు. నాడి కుదిరాక తీసుకురా."

"చేపల లెక్కలో తేడా వత్తే మేం కొసరేత్తాం గానండీ, బుట్ట తీసికెళ్ళి కాలవలో పారబొయ్యం."

మర్నాడు సత్తియ్యని దుప్పటి కప్పి పడుకోబెట్టింది. దుప్పట్లోంచి బయటికొచ్చిన చెయ్యి మాత్రం పల్లంరాజుది. డెబ్బై రెండు. మళ్ళీ డెబ్బై రెండు. అప్పాజీ గారు మురిసిపోయి, ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించారు.

"ఇంక పొయ్యండి చుక్కలు."

"నాడి ఇంత చక్కగా ఉంటే మందెందుకమ్మా? 'ఏ జబ్బూ లేదు' అని రాశాను, చూడు."

లోవమ్మ చూడలేదు. అప్పాజీ గారి మణికట్టు పట్టుకుంది. చేపల్ని లెక్కపెట్టినట్టే, నాలుగేసి చొప్పున పుంజీలు కట్టి, గడియారం ముల్లు చుట్టు తిరిగేదాకా పైకి లెక్కపెట్టింది. ఇరవై అయిదు పుంజీలు. వసారాలో జనం మూగారు. మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై తొమ్మిది.

"మీకూ కలవలేదండి బాబుగారూ! రేపు మీకేదన్నా అయితే మందెవరు పోత్తారండీ?"

అప్పాజీ గారు చెడ్డవారు కారు, ఉద్యోగస్తులు. చెమట తుడుచుకుని, తలుపు వేసి, సీసా దింపారు. తగ్గిన చుక్కల ఎదుట "ఎండకి ఆవిరి" అని రాశారు.

రెండు వారాలకి సత్తియ్య లేచి గడకర్ర పట్టాడు. ప్రతి పక్షానికీ ఆసుపత్రిలో కాస్త మందు ఆవిరవుతూ వచ్చింది. వర్షాకాలంలోనూ ఎండకే ఆవిరైంది. అక్కడ దొరికారు అప్పాజీ గారు. జిల్లా నాడీ తనిఖీదారు గారు స్వయంగా దిగి, సీసా దగ్గర మూడు రోజులు కూర్చుని ఎండ కొలిచారు. (ఆ మూడు రోజులూ ముసురు.) తాఖీదు వచ్చింది: ప్రజల మందు గాలిపాలు కాకుండా సీసాకి లక్క సీలు వెయ్యవలెను, సీలు విప్పరాదు.

లోవమ్మ మూడుసార్లు మొగుణ్ణి తీసుకొచ్చి, సీలు చూసి వెళ్ళింది. మూడోసారి అప్పాజీ గారు లక్క మీద గోరు పెట్టారు, వెనక్కి తీసుకున్నారు.

నాలుగోసారి ఒక్కతే వచ్చింది. "పోయాడండి," అంది.

అప్పాజీ గారు కళ్ళు ఒత్తుకుని, పేరు కొట్టేద్దామని రిజిస్టరు తీశారు. కొట్టెయ్యడానికి కారణం కనబడలేదు. ఏ జబ్బూ లేదు. నాడి డెబ్బై రెండు, రెండుసార్లూ.

సీసాలో ఒక్క చుక్క తగ్గలేదు.