డ్రమ్మరుగారి చెమట

మరకల మాస్టారికి ఆ ఆదివారం ఉన్న పని ఒక్కటే. భార్య తువ్వాలును పదకొండింటికల్లా గాజుపెట్టెలు చేసేవాడి దగ్గరకు తీసుకెళ్ళి, కొలతలు ఇచ్చి, పెట్టెతో సహా తిరిగి రావడం. చంటిపిల్లవాడికి చెప్పినా చేసుకొస్తాడు. కానీ మాస్టారు చంటిపిల్లవాడు కాదు, లాండ్రీవాడు. వచ్చిన చిక్కంతా అక్కడే.

ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పినవాడు కాదు. మాస్టారన్నది ఊరు పెట్టిన పేరు. సిరా, తుప్పు, కూర, నూనె, ఏ మరకైనా ఆయన చేతిలో పడిందంటే మర్నాటికి దాని ఆనవాలు ఉండదు. మరకను చూసి ఊరుకోవడం మాత్రం ఆయనకు చేతకాదు. బస్సులో ముందు సీట్లో కూర్చున్న ముక్కూమొహం తెలియనివాడి కాలరు మీద మచ్చ కనిపిస్తే, తన స్టాపు వచ్చేలోగా వాడి భుజం తట్టి వైద్యం చెప్పి మరీ దిగేవారు.

ఇక ఆ తువ్వాలు. ముప్ఫయ్యేళ్ళ క్రితం, మాస్టారి భార్యకు పందొమ్మిదేళ్ళప్పుడు, ప్రపంచమంతా పేరున్న ఆ రాక్ బ్యాండు ఆ ఊరి స్టేడియంలో కచేరీ చేసింది. ఆవిడ మూడో వరసలో నిలబడింది. చివరి పాట అవగానే డ్రమ్మరు తన మెడలోని తువ్వాలు తీసి జనంలోకి విసిరాడు. వంద చేతులు లేచాయి. తువ్వాలు ఏ చేతికీ చిక్కకుండా నేరుగా వచ్చి ఆవిడ మొహం మీద పడింది. దాని నిండా డ్రమ్మరు చెమట, ఒక మూల అతని కళ్ళ కాటుక చార. ఆవిడ దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువా పై అరలో దాచింది. ఏడాదికోసారి కచేరీ జరిగిన రోజున బయటికి తీసి, కళ్ళు మూసుకుని వాసన చూసి, మళ్ళీ లోపల పెట్టేస్తుంది. ఏడాదికోసారే కదా అని మాస్టారు సరిపెట్టుకునేవారు. పైకి అనలేదు గానీ, మొగుడి చొక్కానైనా ఆవిడ ఎప్పుడూ అలా వాసన చూసిన పాపాన పోలేదు.

ఆ బ్యాండు పాటలు ఆయనకు ఎక్కలేదు. "వాషింగ్ మెషీన్లో ఎవడో జేబులో రాయి మరిచిపోయినట్టుంది" అని పెళ్ళైన కొత్తలో ఒకసారి నోరు జారారు. ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత ఆయన పాటల జోలికి వెళ్ళలేదు, ఆవిడ కూడా వినమని అడగలేదు.

ఆ సాయంత్రం నాలుగింటికి లైబ్రరీ హాల్లో అభిమానుల సంఘం వాళ్ళ జ్ఞాపకాల సభ. ఆవిడ నెల రోజులు కూర్చుని నాలుగు పేజీలు రాసుకుంది. పొద్దున్నే అద్దం ముందు నిలబడి చదువుకుంటూ కవరు మొగుడి చేతికిచ్చింది.

"ఏవండీ, జాగ్రత్త. కవరు విప్పకండి."

"విప్పకుండా పెట్టెవాడు కొలతెలా తీసుకుంటాడు?"

"వాడు విప్పుతాడు. మీరు విప్పకండి."

"నా మీద నమ్మకం లేదా?"

"మీ మీద ఉంది. మీ చేతుల మీదే లేదు."

మాస్టారు నవ్వుకుంటూ బయల్దేరారు. దారిలోనే కదా అని దుకాణం తాళం తీశారు. బల్ల మీద కవరు పెట్టి దీపం వేశారు. అప్పుడు కనిపించింది, ప్లాస్టిక్ లోపల తువ్వాలు అంచున మినపగింజంత బూజు మచ్చ. డ్రమ్మరు చెమట వేరు, బూజు వేరు. ఇది డ్రమ్మరు పెట్టింది కాదు. వదిలేస్తే గాజుపెట్టెలో తువ్వాలంతా పాకుతుంది. ఈ మచ్చ తీస్తే ఆవిడకు మేలు చేసినట్టే. మనిషి తప్పు చేసేముందు చెప్పుకునే కారణాలు ఎప్పుడూ ఇంత సవ్యంగానే ఉంటాయి.

ఒక్క చుక్క మందు అద్దారు. మచ్చ పోయింది. కానీ అది ఉన్న చోట తడి అంచు గుండ్రంగా తేలింది. ఆ పని తెలిసినవాడెవడూ తడి అంచును వదిలిపెట్టడు, దాని చుట్టూ ఇంకాస్త తడిపి చెరిపేస్తాడు. మాస్టారు తడిపారు. గుండ్రం పెద్దదైంది. ఇంకాస్త తడిపారు. అది పాకుతూ పాకుతూ వెళ్ళి కాటుక చారను తాకింది. ముప్ఫయ్యేళ్ళుగా కదలని చార ఒక్కసారి కరిగి నాలుగు వైపులా పారింది. మెదడు ఇంకా ఏం చెయ్యాలా అని ఆలోచిస్తుండగానే, చేతులు వాటి అలవాటు ప్రకారం తువ్వాలును తొట్టిలో ముంచేశాయి. పదిన్నరకల్లా అది కడిగిన ముత్యంలా మెరుస్తూ ఆయన ఎదురుగా ఉంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. మాస్టారు కడగడంతో మొదలుపెట్టి అడుసులో దిగారు.

ఆయన వెంటనే బావమరిదికి ఫోన్ చేశారు. బావమరిది డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెబుతాడు. రోజూ చావును పక్క సీట్లోంచి చూసే ఉద్యోగం కనుక దేనికీ తొందరగా బెదరడు. వచ్చి తెల్లటి తువ్వాలును ఎగాదిగా చూశాడు.

"పోయింది ఏంటి బావా? చెమటేగా? నా దగ్గర బోలెడుంది."

"మీ అక్కకు తెలిస్తే?"

"చెమట మీద పేరుంటుందా?"

ఇస్త్రీ ఆవిరి నిండిన వెనక గదిలో తలుపులు మూసుకుని బావమరిది నూట ఇరవై గుంజిళ్ళు తీశాడు. నిజమే, బోలెడుంది. మెడ, వీపు, మొహం తుడుచుకుని తువ్వాలు అందించాడు. పాతబడ్డ రంగు కోసం మాస్టారు పలచటి టీ డికాక్షన్ చిలకరించి ఇస్త్రీతో ఆరబెట్టారు. ఇక మిగిలింది ఆ నల్లటి చార. మరకను పంపించడంలో ఆయనను మించినవాడు లేడు గానీ, మరకను రప్పించడం ఆయనకు కొత్త. సిరా నీలంగా తేలింది, ఉతికారు. బూట్ల పాలిష్ కంపు కొట్టింది, మళ్ళీ ఉతికారు. రెండుసార్లూ బావమరిది కిక్కురుమనకుండా వెళ్ళి గుంజిళ్ళు తీసి వచ్చాడు.

అంతలో ఫోన్ మోగింది. ఆవిడే. మాస్టారు ఫోన్ను పాములా చూసి, స్పీకరు నొక్కి బావమరిది ముందుకు తోశారు. అతను "అక్కా" అన్నాడు.

"మీ బావ ఏడిరా? పన్నెండు దాటినా రాలేదని పెట్టెవాడు అడుగుతున్నాడు."

"కొలతలు ఇప్పుడే ఫోన్లో చెప్పేశాం అక్కా. పెట్టె నేరుగా హాలుకే వస్తుంది."

"మరి ఆయన ఇంతసేపూ ఏం చేస్తున్నారు? తువ్వాలు బాగానే ఉందా?"

బావమరిదికి సడన్ బ్రేకు వేసిన అనుభవం చాలా ఉంది, కానీ ఈసారి కాలు ఆక్సిలరేటరు మీద పడింది. "అక్కా, నీకు చెప్పొద్దన్నాడు. బావ సాయంత్రం సభలో డ్రమ్మరు వేషం వేస్తున్నాడు. నీ కోసం. ప్రాక్టీసు చేస్తున్నాడు."

అవతల కాగితాలు జారిపడ్డ చప్పుడైంది.

"మీ బావా?" ఆవిడ గొంతు మారిపోయింది. "ఇన్నేళ్ళలో ఒక్క పాట పూర్తిగా విననివారు... నా కోసమా? నిజంగానేరా?"

ఆవిడ ఫోన్ పెట్టేముందు ముక్కు చీదుకున్న శబ్దం ఇద్దరికీ వినిపించింది. మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. అంతవరకూ ఆయన భయమంతా తిట్లు తింటానేమోనని. ఇప్పుడు తిట్లే నయమనిపించింది.

"ఎంత పని చేశావురా! ఉతికానని తెలిస్తే ఒక ఏడుపు, వేషం లేదని తెలిస్తే ఇంకో ఏడుపు."

"ముందు కాటుక సంగతి చూద్దాం బావా" అని బావమరిది రెండు వీధుల అవతల ఉన్న తల్లి ఇంటికి వెళ్ళాడు. పావుగంటలో భరిణె పట్టుకొచ్చాడు.

"అత్తయ్యగారు ఏమన్నారు?"

"బావకి వేషానికి అన్నాను. ఒక చుక్క నూనె కలిపి, వేలితో కాకుండా గుడ్డతో అద్దమంది. లేకపోతే రాలిపోతుందట. మొహానికి గుడ్డెందుకే అంటే, చెప్పింది చెయ్యరా అంది."

అలాగే అద్దారు. అచ్చం అలాగే వచ్చింది. మాస్టారు తన పనితనానికి తానే ఆశ్చర్యపోయి, నుదుటి చెమట చేత్తో తుడుచుకున్నారు. ఆ చేతికి కాటుక ఉందన్న సంగతి ఆయన చూసుకోలేదు. ఆ తర్వాత కళ్ళు నలుపుకున్నారు. ఆవిరికి జుట్టు నిక్కబొడుచుకుంది. దుకాణంలో అద్దం ఉంది గానీ, తేలు కుట్టిన దొంగకు అద్దం చూసుకునే తీరిక ఎక్కడిది!

నాలుగింటికి పది నిమిషాల ముందు హాలుకు వెళ్ళి, తువ్వాలును గాజుపెట్టెలో పెట్టి, వెనక గుమ్మం వైపు జారుకోబోతుంటే సంఘం కార్యదర్శి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అబ్బబ్బ, వేషం అదిరింది మాస్టారూ! ఆ కళ్ళు, ఆ జుట్టు! మేడమ్ చెప్పగానే కార్యక్రమంలో చేర్చేశాను. ఆవిడ మాట్లాడాక మీరే."

వేదిక మీద మూడు ప్లాస్టిక్ బకెట్లు బోర్లించి ఉన్నాయి. పక్కన రెండు కర్రలు. మాస్టారికి ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

ఆవిడ తన నాలుగు పేజీలూ చదివింది. ఎంత బాగా చదివిందంటే, మాస్టారికే ఒక్క క్షణం ఆ మూడో వరసలో తానూ నిలబడ్డట్టు అనిపించింది. చివర్లో ఆవిడ పెట్టె తెరిచి, "అందరూ ఒకసారి పట్టి చూడండి" అని తువ్వాలు జనంలోకి పంపింది. రిటైరైన పోస్టుమాను దాన్ని కళ్ళకద్దుకున్నాడు. బ్యాంకు మేనేజరు మొహమంతా అందులో ముంచి గుండెల నిండా గాలి పీల్చాడు.

"అదే వాసన!" అన్నాడు తన్మయంగా. "నేను ఐదో వరసలో ఉన్నాను కదా. అదే! ముప్ఫయ్యేళ్ళయినా చెక్కుచెదరలేదు."

ఆఖరి వరసలో బావమరిది తల వంచుకుని బూట్ల లేసులు కట్టుకోవడం మొదలుపెట్టాడు.

"ఇప్పుడు మన డ్రమ్మరుగారు!" అని కార్యదర్శి కేక పెట్టాడు. చప్పట్లు. ఈలలు. ఆవిడే స్వయంగా కర్రలు తీసి మొగుడి చేతికిచ్చింది. ఇస్తూ ఒక చూపు చూసింది. అలాంటి చూపు ఆయన పెళ్ళైన కొత్తలో ఎరుగుదురు, మళ్ళీ ఈవేళే. ఆ చూపు తనది కాదని, దొంగిలించిన సొమ్మని ఆయనకు అనిపించింది. లేచిన కర్ర బకెట్టు మీద పడలేదు.

"నేను డ్రమ్మరును కాను" అన్నారు మైకులో. "లాండ్రీవాణ్ణి. వేషం అబద్ధం. పొద్దున ఆ తువ్వాలు ఉతికేశాను."

తలలన్నీ తువ్వాలు వైపు తిరిగాయి.

"మరి చెమట?" అన్నాడు బ్యాంకు మేనేజరు నీరసంగా.

"మా బావమరిదిది."

మేనేజరు జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకోవడం మొదలుపెట్టి, చాలాసేపు ఆపలేదు.

ఆవిడ వెళ్ళి తువ్వాలు తీసుకుంది. మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. "మీకా పాటలు నచ్చవని తెలుసు" అంది నెమ్మదిగా. "మిమ్మల్ని ఎప్పుడైనా వినమన్నానా? అది ఒక్కటే దాచుకున్నానండీ. నా మొత్తం పందొమ్మిదో ఏడు అందులో ఉంది..." మాస్టారికి తన రెండు చేతులూ నరికి అక్కడ పెట్టాలనిపించింది.

అప్పుడు ముందు వరసలో చేతికర్ర టకటకలాడింది. అత్తగారు లేచి నిలబడ్డారు.

"అల్లుణ్ణి ఏమీ అనకే. ఆయన ఉతికింది డ్రమ్మరు చెమట కాదు. నాది."

"ఏంటమ్మా నువ్వనేది?"

"కచేరీ నుంచి వచ్చి మంచం మీద వాలిపోయావు. పొద్దున నువ్వు లేచేలోపు దుప్పట్లతో పాటు దాన్నీ ఉతికి ఆరేశాను. ఏదో తువ్వాలనుకున్నాను. ఆరేశాక నీ స్నేహితురాలు వచ్చి విషయం చెప్పింది. నా ప్రాణం పోయినంత పనైంది. పొయ్యి దగ్గర గంటసేపు నిలబడి, మొహం తుడుచుకుని, ఉతికేటప్పుడు చార చూసిన చోటే కాటుక అద్ది నీ తలగడ పక్కన పెట్టాను." అత్తగారు అల్లుడి వైపు తిరిగారు. "మీరు కాటుకకు పంపగానే నాకర్థమైంది నాయనా. అందుకే నూనె సంగతి చెప్పాను."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేమే?"

"ఏటేటా వాసన చూసి మురిసిపోతుంటే, ఏమని చెప్పమంటావే?"

ఆవిడ తల్లిని చూసింది, తువ్వాలును చూసింది. ముందు కోపం వచ్చింది, అందరికీ కనిపించింది. తర్వాత పెదవులు వణికాయి. అది ఏడుపో నవ్వో ఎవరికీ తెలియలేదు, బహుశా ఆవిడకూ తెలియదు. వేదిక దిగి వెళ్ళి తల్లి భుజం మీద మొహం పెట్టి, గట్టిగా ఊపిరి పీల్చింది.

"అవునే అమ్మా" అంది కాసేపటికి, ముక్కు చీదుకుంటూ. "ఇదే వాసన."

తర్వాత కళ్ళు తుడుచుకుని వేదిక వైపు చూసింది. మాస్టారు ఇంకా రెండు కర్రలూ పట్టుకుని, నల్లటి మొహంతో, దోషిలా నిలబడే ఉన్నారు.

"అలా చూస్తారేంటండీ? కర్రలు పట్టుకున్నారుగా, వాయించండి."

"నాకు రాదే!"

"తెలుసు. నా కోసం వాయించండి."

మాస్టారు వాయించారు. తాళం లేదు, లయ లేదు, మూడో బకెట్టు దొర్లి కిందపడింది. మొదటి చప్పట్లు ఆవిడవే. మేనేజరు కూడా కొట్టాడు, కాస్త దూరంగా కూర్చుని.

సభ ముగిశాక కార్యదర్శి, 'డ్రమ్మరుగారి చెమట' అని పొద్దున రాసిన చీటీ తీసేసి, చాలాసేపు తల గోక్కుని, గాజుపెట్టె మీద కొత్తది అంటించాడు: "తువ్వాలు డ్రమ్మరుగారిది. చెమట కుటుంబ సౌజన్యం."