మూత తీయొద్దు!

ఎనిమిదేళ్ళుగా తెలుసారావుది ఒకటే కోరిక. మామగారి నోటి వెంట తన గురించి ఒక్క మంచి మాట రావాలి. ఫైరింజను మీద ముప్పై రెండేళ్ళు ఊళ్ళోవాళ్ళ మంటలార్పి రిటైరైన ఆ పెద్దమనిషి మాత్రం, అల్లుడు టీ కాచుకోబోయినా సరే, "అమ్మాయీ, ఆయన్ని పొయ్యి దగ్గర్నించి ఇవతలికి రమ్మను" అనేవారు.

ప్రతి మాటా "తెలుసా?" అంటూ మొదలుపెట్టి పెట్టి అతను తెలుసారావయ్యాడు. అసలు పేరు భార్య కూడా మరిచిపోయింది. ఈమధ్య బొగ్గుల గ్రిల్లు మీద విశేషాలన్నీ కంఠతా పట్టాడు. వెలిగించడమొక్కటే తరువాయి.

ఆ ఆదివారం మామగారు పన్నెండింటికి భోజనానికి రావాలి. తొమ్మిదింటికే పెరట్లో కొత్త గ్రిల్లు సిద్ధం చేశాడు. ఒక పక్క బొగ్గులు పేర్చి, రెండో పక్క కడ్డీల మీద ఉప్పూ కారం పట్టించిన కోడిని పడుకోబెట్టాడు. అగ్గిపెట్టె కోసం వంటింట్లోకి వెళ్ళాడో లేదో, మామగారు మూడు గంటలు ముందే దిగబడ్డారు. సంచీ అందుకుని, మంచినీళ్ళిచ్చి, కుశలమడిగి పెరట్లోకి పరుగెత్తేసరికి గ్రిల్లుకి మూత పెట్టేసి ఉంది.

"కంగారుపడకండి, నేను చూసుకున్నాగా," అంది భార్య. టైలరమ్మగారి పిల్లి దొరబాబు అక్కడే తచ్చాడుతోందని ఆవిడ మూత వేసింది. పొయ్యి కూడా ఆవిడే ముట్టించిందని ఇతను సంబరపడిపోయాడు. గోడ అవతల పక్కింటాయన ఎండుటాకులు తగలబెడుతున్నాడు. ఆ పొగంతా తిన్నగా గ్రిల్లు మీదికే వస్తోంది.

"పొగ చూశారా మామయ్యగారూ? తెలుసా, తెల్లగా దట్టంగా వస్తే మాంసం చేదెక్కుతుంది. ఇలా పల్చగా నీలంగా ఉండాలి."

"ఏదీ, ఓసారి మూత తియ్యండి."

"అమ్మో! తీసినప్పుడల్లా వేడంతా పోయి వంట పావుగంట వెనక్కి పోతుంది."

మామగారు లేచి రెండు బక్కెట్లలో నీళ్ళు పట్టారు. పొగ చూసి ఎదురింటి మాస్టారు వస్తే ఆయన చేతికొకటిచ్చారు. పదకొండయ్యేసరికి కుళాయి నుంచి గ్రిల్లు దాకా పదిహేనుమంది బక్కెట్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు. "మా దొరబాబు పొద్దున్నించీ కనబడ్డం లేదండీ" అని ఏడుస్తూ వచ్చిన టైలరమ్మకీ ఒకటి దక్కింది.

ఇంతలో గ్రిల్లులోంచి గుర్రుమంటూ చప్పుడు.

"విన్నారా? కొవ్వు కరిగి నిప్పుల మీద పడుతోంది!"

వరస వరసంతా లొట్టలు వేసింది.

"అచ్చం మా దొరబాబు గుర్రులా ఉందండీ," అంది టైలరమ్మ.

"బాధలో అలాగే వినిపిస్తుందమ్మా," అని ఓదార్చాడు తెలుసారావు.

రెండయింది. ఆకలికి తాళలేక మాస్టారు బక్కెట్ కింద పడేసి మూత లాగేశారు.

లోపల బొగ్గులు పేర్చినవి పేర్చినట్టే నల్లగా ఉన్నాయి. కోడి ఉండాల్సిన చోట శుభ్రంగా నాకి పెట్టిన ఎముకలున్నాయి. వాటి పక్కన దొరబాబు పొట్ట పైకి పెట్టుకుని నిద్రపోతున్నాడు.

"నువ్వు వెలిగించలేదూ?"

"నేనా? మీరు వెలిగించేశారనుకునే కదా మూత పెట్టాను!"

తెలుసారావుకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎనిమిదేళ్ళ ఆశ పిల్లి కడుపులోకి పోయింది. ఏడుపొక్కటే తక్కువ.

మామగారు ముందుకొచ్చి, గ్రిల్లులో చెయ్యి పెట్టి ఒక్కొక్క బొగ్గూ తడిమి చూశారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"అల్లుడుగారూ, ముప్పై రెండేళ్ళ సర్వీసులో ఎన్నో పొయ్యిలు చూశాను. ఐదు గంటల వంట, ఇంతమంది జనం, ఒక్క నిప్పురవ్వ లేదు! శభాష్! పొయ్యి దగ్గర మనిషంటే ఇలా ఉండాలి," అంటూ అల్లుణ్ణి గట్టిగా కౌగిలించుకున్నారు.

ఆ పూట అందరూ బ్రెడ్డు తిన్నారు, కాల్చకుండా.