బుపాతిగారి తలమీద ఒక బకెట్ సముద్రం

"ప్రజలతో ఒక రోజు, పగడాలతో ఒక రోజు" అనే మహత్తర కార్యక్రమంలో భాగంగా మా జిల్లా అధిపతి, గౌరవనీయులైన బుపాతి అల్బెర్టుస్ రుమలేవాంగ్‌గారు శుక్రవారం నాడు యాట్‌లో విచ్చేసి, మా ఊరి సముద్రంలో స్వయంగా స్నార్కెలింగ్ చేసి, రెండేళ్ల కిందట తమ పాలనలో నాటిన లక్ష పగడపు మొక్కల యోగక్షేమాలు విచారిస్తారని ఊళ్లో మైకు పెట్టి ప్రకటించారు.

లక్ష అని విని మేము సంతోషించాం. అంతమంది మా పొరుగున ఉంటున్నారని అప్పటిదాకా మాకు తెలియదు. మాకు తెలిసినంతలో, పగడాలు నాటడానికని నలభై సిమెంటు దిమ్మలు తెచ్చి రేవులో దించారు. వాటిని నీళ్లలో దించడానికి ఎవరూ రాలేదు. ఎండకీ వానకీ పాడైపోతాయని జాలిపడి ఊరివాళ్లే తలా రెండు చొప్పున ఇళ్లకి మోసుకుపోయారు. మా ఇంట్లోనూ రెండున్నాయి. ఒకదానిమీద నా భార్య దోర్కాస్ బట్టలు ఉతుకుతుంది. రెండోదానిమీద కూర్చుని నేను పొద్దుటి ప్రార్థన చేసుకుంటాను. పగడం ఇంకా మొలవలేదు.

నా పేరు యోసియాస్. చర్చి పెద్దల్లో ఒకణ్ని. మూసిన సముద్రానికి కాపలాదారుణ్ని కూడా. ఏడాది కిందట మా పాస్టర్ మెల్కియానుస్‌గారు ఊరందరి ముందు ప్రార్థన చేసి, పగడాల దిబ్బ చుట్టూ లేత కొబ్బరాకులు కట్టిన కర్రలు పాతించి సముద్రాన్ని మూశారు. దీన్ని మేము ససి అంటాం. ససి వేశాక, మళ్లీ తెరిచే ప్రార్థన జరిగేదాకా లోపల మనిషి కాలు పడకూడదు. గుల్ల గానీ, చేప గానీ, పగడం గానీ బయటికి రాకూడదు. వచ్చిందా, ఇంకో ఏడాది మూత.

తెరవాల్సింది ఈ ఆదివారమే. ఆ రోజు తీసే, బొత్తాల కోసం మంచి ధరకి కొనే లోలా గుల్లలు అమ్మి చర్చికి కొత్త కప్పు వేయించుకోవాలని ఊరంతా కళ్లల్లో వత్తులు వేసుకుని కూర్చుంది. పాస్టర్‌గారు మూడేళ్లుగా గొడుగు కింద నిలబడి వాక్యం చెబుతున్నారు. వానలు ఇంకో మూడు వారాల్లో మొదలవుతాయి. చిక్కల్లా ఏమిటంటే, మా తీరంలో ప్రాణమున్న పగడాలు మిగిలింది ఆ మూసిన చోటే. మిగతాదంతా బయటి పడవలవాళ్లు బాంబులేసి చేపలు పట్టుకుపోగా మిగిలిన రాళ్లపొడి.

"ఆయన దిగుతానంటే ఏం చేస్తావ్?" అంది దోర్కాస్, శుక్రవారం పొద్దున.

"ప్రార్థన చేస్తాను."

"చెయ్యి. చేస్తూనే ఆయన కాలు గట్టిగా పట్టుకో."

పగడాలను పేరుపేరునా చూపించడానికి స్థానిక పెద్దగా నన్ను యాట్ ఎక్కించారు. అంత తెల్లటి వస్తువు మా సముద్రం ఎప్పుడూ చూడలేదు. ప్రోటోకాల్ ఆఫీసరు ఇబు యునితా మెళ్లో విజిలూ చేతిలో ప్రోగ్రాం షీటూ పట్టుకుని ఎదురొచ్చింది.

"కాపలా పెద్దాయన మీరేనా? చెప్పులు విప్పండి. బాపాక్‌గారికంటే ఎత్తులో నిలబడకూడదు. ఆయన నవ్వితే నవ్వండి, ముందు మీరు మొదలుపెట్టకండి."

మా దగ్గర బాపాక్ అంటే అయ్యగారు, ఇబు అంటే అమ్మగారు. నేను కొంచెం పొడగరిని. అందుచేత ఆ రోజంతా వంగే ఉన్నాను. నాయకుల దగ్గర జనం వినయంగా ఉంటారని పత్రికల్లో చదివినప్పుడు నమ్మేవాణ్ని కాదు. నడుంనొప్పి కూడా ఒక కారణమని అప్పుడు తెలిసింది.

యాట్ దిబ్బ దగ్గరికి వచ్చింది. కెప్టెన్ సముద్రం తెలిసిన మనిషి. నేను అడక్కుండానే కర్రలకి చాలా ఇవతల, ఇసకలో లంగరు వేశాడు. బుపాతిగారు బయటికొచ్చి, నీళ్లలో వరసగా ఊగుతున్న కొబ్బరాకుల్ని చూసి ఆగిపోయారు.

"చూశావా యునితా! నాకోసం సముద్రంలో కూడా తోరణాలు కట్టారు!"

"అవి తోరణాలు కావు బాపాక్..." అన్నాను.

"వద్దు, వద్దు. ఎందుకండీ ఇంత శ్రమ? నిన్న కట్టారా?"

"ఏడాది అయింది బాపాక్."

ఆయన కళ్లు చెమర్చాయి. "ఏడాది! యునితా, రాసుకో. ఏడాదిగా తోరణాలు కట్టి ఎదురుచూస్తున్నారు!"

ఇక లాభం లేదని, దేవుడిమీద భారం వేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను. "బాపాక్, ఆ లోపలికి ఎవ్వరూ వెళ్లకూడదు. ప్రార్థన చేసి మూశాం. ఏడాదిగా ఒక్కరు కూడా కాలు పెట్టలేదు."

"ఒక్కరు కూడానా?"

"ఒక్కరు కూడా."

"నాకోసమేనా?" అని బుపాతిగారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. వంగి ఉండటంవల్ల నా మొహం ఆయనకి కనబడలేదు, అదొక్కటే మేలు.

కార్యక్రమం అద్భుతంగా సాగింది. రెండు రబ్బరు పడవల మధ్య రిబ్బను కట్టారు. కెరటానికి పడవలు దూరం జరిగి రిబ్బను దానంతటదే తెగింది. దాన్ని మళ్లీ ముడివేసి, బుపాతిగారిచేత కత్తిరింపజేశారు. తరవాత ఆయన సముద్రాన్ని ఉద్దేశించి నలభై నిమిషాలు ఉపన్యసించారు. ఎదుట నీళ్లు తప్ప ఎవరూ లేకపోయినా ఎక్కడా తడబడలేదు. "పగడాల సోదర సోదరీమణులారా" అన్నప్పుడు యునితా విజిల్ వేసింది, మేమంతా చప్పట్లు కొట్టాం. తరవాత పాటల మెషీన్ పెట్టి పాటలు పాడారు. భోజనం. నిద్ర.

మూడు గంటలకి ఆయన రబ్బరు సూటులో ప్రత్యక్షమయ్యారు. గుండెమీద పదవి బిళ్ల గుచ్చుకున్నారు. లైఫ్ జాకెట్లు రెండు, నడుముకి గాలి చక్రం ఒకటి, మొహానికి అద్దం, నోట్లో గొట్టం, కాళ్లకి బాతు చెప్పులు. ఫోటోగ్రాఫర్లు సిద్ధమయ్యారు. నేను నిచ్చెన పక్కన నిలబడి, ఏ కాలు పట్టుకుంటే బాగుంటుందా అని చూస్తున్నాను.

ఆయన మూడో మెట్టుదాకా దిగారు. నీళ్లవంక చూశారు. గొట్టం తీసి అడిగారు:

"ఇక్కడ లోతెంత?"

"పది నిలువులుంటుంది బాపాక్."

"ఎవరి నిలువు?"

"పొడుగాటి మనిషి నిలువు."

బుపాతిగారు ఒక మెట్టు పైకి వచ్చారు. "ప్రజలందరూ పైన ఉండగా నాయకుడు కిందికి దిగిపోవడం బాగుంటుందా?" అన్నారు.

"అస్సలు బాగుండదు బాపాక్!" అన్నాను. ఆ రోజు అంత గట్టిగా నేనేదీ అనలేదు.

"అంతే కదా. నేను సముద్రంలోకి వెళ్తేనేం, సముద్రం నాదగ్గరికి వస్తేనేం! బకెట్ తెప్పించండి."

నేనే ముందుకు ఉరికాను. బకెట్ తీసుకుని యాట్ పక్కనే ముంచబోతే యునితా విజిల్ వేసింది.

"ఆ నీళ్లెందుకు? అవి మామూలు నీళ్లు. తోరణాల లోపలివి తెండి. షీటులో 'పగడాల జలం' అని ఉంది."

"అమ్మా, అది మూసిన సముద్రం..."

"సరే మీ ఇష్టం. ఆయన మనసు మారి ఏకంగా లోపలికే పోనిమ్మంటే నన్ననకండి."

మనిషా, బకెట్టా? యాట్ వెనక కట్టి తెచ్చిన మా చిన్న పడవలో కర్రలవైపు వెళ్తూ, పాస్టర్‌గారు మూసినప్పుడు చేసిన ప్రార్థన మాటమాటా గుర్తు చేసుకున్నాను. గుల్ల అన్నారు, చేప అన్నారు, పగడం అన్నారు. నీళ్లు అనలేదు. పడవని కర్రకి ఇవతలే ఆపి, దేవుణ్ని క్షమాపణ అడిగి, చెయ్యి మాత్రం చాచి బకెట్ ముంచాను. ఆటువేళ కావడంతో నీళ్లు మోకాలిలోతే ఉన్నాయి. బకెట్ అడుగు దేనికో గీసుకుంది.

ఆ నీళ్లు బుపాతిగారి తలమీద కుమ్మరించారు. కెమెరాలు మెరిశాయి. నీళ్లతోపాటు ఏదో జారి ఆయన నడినెత్తిన టక్కుమని తగిలి చేతిలో పడింది. నిమ్మకాయంత లోలా గుల్ల. పిల్లది. ప్రాణంతో ఉంది.

"పగడం!" అని అరిచారు బుపాతిగారు. "లక్షలో మొదటిది!"

"లోలా గుల్ల బాపాక్. దయచేసి ఇలా ఇవ్వండి, వెనక్కి వేసేస్తాను."

"సాక్ష్యాన్ని వెనక్కి వేస్తారుటయ్యా ఎవరైనా?" అని ఆయన దాన్ని రబ్బరు సూటు మెడలోంచి గుండెమీదికి జార్చుకున్నారు. ఆ సూటు ఎంత బిగువంటే, లోపలికి వెళ్లినదాన్ని తీయడం మానవమాత్రుడివల్ల కాదు.

అయిదు గంటలకి ఒడ్డు చేరాం. ఊరి చావడిలో వాళ్లకి సాగో జావా, కాల్చిన చేపా విందు. నేను పాస్టర్‌గారింటికి పరుగెత్తి జరిగిందంతా చెప్పుకున్నాను.

"నీళ్ల సంగతి నేను ప్రార్థనలో అనలేదు, నిజమే," అన్నారాయన. "గుల్ల సంగతి అన్నాను."

"అన్నారు."

"ససి తప్పినవాడు ఆ పొద్దు గుంకేలోపల డబ్బా కొట్టుకుంటూ, తన తప్పు తానే చెప్పుకుంటూ ఊరు మూడుసార్లు చుట్టాలి. తీసింది తీసినచేత్తో సముద్రానికి వెయ్యాలి. అప్పుడే ఆదివారం తెరుస్తాం. లేదంటే ఏడాది. ముంచిన చెయ్యి ఎవరిది?"

"నాదే."

"గుల్ల ఎవరి దగ్గరుంది?"

"ఆయన గుండెమీద."

"మరి ఇద్దరూ తిరగాలి కదయ్యా."

"ఆయన్ని తిప్పడం ఎలాగండీ?"

పాస్టర్‌గారు కిటికీలోంచి సూర్యుడివంక చూశారు. "ముందు నువ్వు బయల్దేరు యోసియాస్. చూద్దాం."

దోర్కాస్ ఖాళీ నూనెడబ్బా, కర్రా అందించింది. అరవై రెండేళ్ల వయసులో, చర్చి పెద్దనై ఉండి, నేను వీధిలో పడ్డాను. మా ఊరి భాషలో ఆ మాటలు ఇలా ఉంటాయి: "మూసిన సముద్రంలో చెయ్యి పెట్టాను! నాది కానిది తీసుకున్నాను! నేను దొంగని, నా మొహం చూడండి!" దానికి ఊరివాళ్లు గుమ్మాల్లో నిలబడి, "చూశాం! చూశాం!" అనాలి. అన్నారు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

నా మూడో చుట్టు చావడి ముందుకి వచ్చేసరికి బుపాతిగారు ఇంకా రబ్బరు సూటుతోనే, చేతిలో చేపతో బయటికి వచ్చారు. ఆయనది పట్నం, వేరే దీవి. మా భాష రాదు. యునితాకీ రాదు.

"ఏమిటిది? పెద్దాయనకి ఇంత సన్మానం చేస్తున్నారు?"

నేను నోరు తెరిచేలోగా దోర్కాస్ ముందుకొచ్చింది. "మా సముద్రంలోంచి ఏదైనా తెచ్చుకున్నవాళ్లకి మా ఊళ్లో చేసే మర్యాద బాపాక్."

"మరి నేనూ తెచ్చుకున్నానే!"

"తెలుసు బాపాక్. పెద్దవారు, మేమే పిలిస్తే బాగుండదని ఊరుకున్నాం."

"యునితా, ఈ మర్యాద షీటులో ఎందుకు లేదు? ఆ డబ్బా ఇలా ఇయ్యి!"

ఆయన చాలా తొందరగా నేర్చుకున్నారు. నేను ఒక్కొక్క ముక్కా అందిస్తుంటే మొదటి చుట్టు నెమ్మదిగా తిరిగారు. రెండో చుట్టుకి నా సాయం అక్కర్లేకపోయింది. "నేను దొంగని" దగ్గర డబ్బామీద అదనంగా రెండు దెబ్బలు కూడా వేశారు, అది ఆయన సొంత కల్పన. "నా మొహం చూడండి" అని చేతులు చాచేసరికి, మంచం పట్టినవాళ్లు కూడా లేచి వచ్చి, "చూశాం! చూశాం!" అన్నారు. మా ఊళ్లో ఇంత భక్తి నేను క్రిస్మస్‌కి కూడా చూడలేదు.

మూడో చుట్టు ముగిసేసరికి సూర్యుడు నీళ్లని తాకుతున్నాడు.

"చివర్లో తెచ్చుకున్నది మీ చేత్తో సముద్రానికి ఇవ్వాలి బాపాక్," అంది దోర్కాస్. "లేకపోతే పూర్తవదు."

"సాక్ష్యం కదమ్మా..."

"ఫోటోలో బాగా పడుతుంది బాపాక్. వెనక సూర్యుడు."

నలుగురు పట్టి లాగితే సూటు మెడ సాగింది. ఆయన గుల్లని తీసి, కెమెరాలు మూడుసార్లు మెరిశాక, రేవు చివరిదాకా నడిచి, అక్కడికి దగ్గరగా ఉన్న కర్రల లోపలికి విసిరారు. పొద్దు గుంకింది. పాస్టర్‌గారు "ఆమెన్" అన్నారు. బుపాతిగారు కూడా అన్నారు.

ఆదివారం సముద్రం తెరిచాం. గుల్లలు బాగా దొరికాయి. నాకు మాత్రం మనసులో ఒక సందేహం ఉండిపోయింది. తెలియకుండా చేసిన ప్రాయశ్చిత్తం దేవుడి దగ్గర చెల్లుతుందా అని పాస్టర్‌గారిని అడిగాను. "తప్పు చేసినప్పుడు ఆయనకి తెలుసా?" అన్నారు. తెలియదన్నాను. "అయితే సరికి సరి," అన్నారు.

పదిరోజులకి జిల్లా ఆఫీసునుంచి ముద్రవేసిన ఉత్తరం వచ్చింది. మా ఊరి సంప్రదాయం బుపాతిగారి హృదయాన్ని కదిలించిందట. దాన్ని జిల్లా అంతటా అమలు చేస్తారట. ఆ పవిత్రమైన మాటలు తప్పుల్లేకుండా రాసి పంపమని నన్ను కోరారు. అబద్ధం రాయకూడదు గదా అని, పాస్టర్‌గారికి చూపించి, ఒక్క అక్షరం మార్చకుండా మా భాషలోనే రాసి పంపాను.

కప్పు రేకులు కొనడానికి ఆ పై సోమవారం పొద్దున పట్నం వెళ్లాను. జిల్లా ఆఫీసు ఆవరణలో జెండా ఎగరేశాక నాలుగువందలమంది ఉద్యోగులు యూనిఫాంలో వరసగా నిలబడ్డారు. ప్రతివాళ్ల చేతిలోనూ ఆఫీసు ముద్రవేసిన కొత్త డబ్బా. ముందు బుపాతిగారు, ఆయన వెనక ఖజానా అధికారి, రోడ్ల శాఖవారు, మత్స్యశాఖవారు, హోదా ప్రకారం. కాగితాలు చూసుకుంటూ, ఆవరణ చుట్టూ తిరుగుతూ, అందరూ ఒక్క గొంతుతో మొదలుపెట్టారు.

రోడ్డుకి అవతల చేపల బజారు. అమ్ముకునే ఆడవాళ్లంతా మా దీవులవాళ్లే, మా భాష తెలిసినవాళ్లే. కత్తులు కింద పెట్టి లేచి, కొంగులు సర్దుకుని నిలబడ్డారు.

"చూశాం!" అన్నారు. "చూశాం!"

బుపాతిగారు ఆగి, కళ్లు తుడుచుకుని, వాళ్లవైపు చెయ్యి ఊపారు.