తన్వికి తుప్పు పట్టకుండా

ఇంటర్ పరీక్షలు దగ్గరపడగానే గుంటూరులో తన్వికి తుప్పు పట్టడం మొదలైంది.

ఇందులో ఆశ్చర్యపడాల్సింది ఏమీ లేదు. ఏటా ఆ కాలానికి పిల్లలకు పడుతూనే ఉంటుంది. మోచేతుల దగ్గర మొదలై మెడ దాటితే మాత్రం హాల్ టికెట్ ఇవ్వరు, బెంచీలకు మరకలవుతాయని. తన్వికి అప్పటికే భుజాల దాకా పాకింది. పొద్దున్నే దుప్పటి దులిపితే ఎర్రటి పొడి రాలేది. తల్లి ఇందుమతి దాన్ని ఊడ్చి మల్లెమొక్క కుండీలో వేసేది.

కాలేజీ నుంచి మెసేజీ వచ్చింది. తుప్పు ఆగుటకు తల్లిదండ్రుల్లో ఒకరు రాగి తీగతో విద్యార్థికి అనుసంధానమై ఉండవలెను. తీగ కాలేజీ కౌంటరులోనే కొనవలెను.

"నేను కూర్చుంటాలే, నీకు వంట పనుంది కదా," అన్నాడు తండ్రి చలపతిరావు. తీగ ఒక కొస కూతురి మణికట్టుకు, రెండో కొస తన ఉంగరానికి చుట్టుకుని పేపరు తిరగేశాడు. మధ్యమధ్య తన రోజుల్లో ట్యూషన్లు లేకుండానే ర్యాంకు ఎలా వచ్చిందో చెప్పాడు. సాయంత్రానికి తుప్పు మెడ మొదట్లోకి వచ్చేసింది.

కెమిస్ట్రీ చెప్పే దయాకర్ సార్ స్కూటరు మీద వచ్చి, చలపతిరావు భుజం గోటితో గీకి చూశాడు.

"ఈయన రాగండీ. రాగి తన ఎలక్ట్రాన్లు వదలదు, పక్కనున్న ఇనుము చేత వదిలిస్తుంది. ఈయన్ని కట్టబట్టే పిల్ల ఇంత తొందరగా పాడైంది."

"మంచి లోహమేనంటారా?"

"భేషైందండీ. ఎప్పుడూ నిగనిగలాడుతుంటుంది."

చలపతిరావు తృప్తిగా తల ఊపాడు. సార్ ఇందుమతి వైపు తిరిగాడు. ఆవిణ్ణి గీకే అవసరం రాలేదు.

"అమ్మగారు జింకు. చూస్తేనే తెలుస్తోంది. జింకు తన ఎలక్ట్రాన్లు ఇచ్చి ఇనుమును కాపాడుతుంది."

"పెళ్లైన కొత్తలో మాది సమయోజనీయ బంధం అనుకున్నానండీ," అంది ఇందుమతి. "చెరి సగం పంచుకుంటున్నామని."

"అందరూ అలాగే అనుకుంటారమ్మా. ఒకరిచ్చి ఒకరు పుచ్చుకుంటే అది అయానికం. అదీ గట్టిదే. మార్కులు రెండింటికీ ఒకటే."

తీగ ఆవిడకు మార్చారు. తుప్పు ఆగింది. ఇందుమతి కాలివేళ్లు కరిగాయి. వదులైన చెప్పులు చిన్నకూతురు మేఘనకు ఇచ్చేసింది. తీగ వంటింటి దాకా చాలేది కనక కూర ఆగలేదు.

"ఎలక్ట్రాన్లు పోగొట్టుకునేదాన్ని ఏమంటారు?" నేల మీదికి దించుకున్న స్టవ్వు దగ్గర, గరిటె అరచేతుల మధ్య పట్టి పోపు వేస్తూ అడిగింది.

"క్షయకరణి." తన్వి పుస్తకంలోంచి తలెత్తి, తల్లి మోకాళ్లు ఉండాల్సిన చోటు చూసింది. "అమ్మా, తీసేద్దామే. పరీక్ష పోతే పోనీ."

"నోర్ముయ్. సమీకరణం తుల్యం చెయ్యి. ఇటు పోయింది అటు రావాలి కదా."

తన్వి తీగ పీకి అవతల పడేసింది. పోపు మాడేలోపే చెవి కింద ఎర్రటి మరక లేచింది. ఇందుమతి నేల మీద పాక్కుంటూ వచ్చి, చేతివేళ్లు అప్పటికే లేవు కనక పళ్లతో తీగ లాగి, కూతురి మణికట్టుకు బిగించింది. మరక వెనక్కి తగ్గింది.

కాలేజీ కౌంటరులో గుమాస్తా తన్వి మెడ మీద నాణెంతో గీకి, శుభ్రంగా ఉందని హాల్ టికెట్ ఇచ్చాడు. పరీక్షలయ్యేసరికి పిల్ల కొత్త తాళంచెవిలా మెరిసింది. ఇందుమతి భుజాల నుంచి పైకి మిగిలింది. ఫలితాల రోజున చలపతిరావు ఆవిణ్ణి సంచీలో పెట్టుకుని కాలేజీకి తీసుకెళ్లాడు.

"అమ్మగారు చాలానే మిగిలారే!" అన్నాడు గుమాస్తా. "చిన్నమ్మాయి కూడా వచ్చే ఏడు మా దగ్గరేనా?"

"దానికి కాస్త సన్న తీగ ఇవ్వండి," అంది ఇందుమతి సంచీలోంచి. "మూడో పిల్ల లేదుగా, సరిపోతాను."

ఇంటికొచ్చాక చలపతిరావు ఆవిణ్ణి పొడి గుడ్డలో చుట్టి, తడి తగలకుండా బీరువా పై అరలో పెట్టాడు. తలుపు వెయ్యబోతూ, కందిపప్పుకు కుక్కరు ఎన్ని విజిల్స్ రావాలని అడిగాడు.

లోపల్నుంచి ఆవిడ చెప్పింది.