కునుకు కోసం కవిత్వం

వాచీలు బాగుచేసే ఆయనకి మధ్యాహ్నం భోంచేశాక ఒక్క కునుకు తీయడమంటే ప్రాణం. కింద కొట్టు, పైన ఇల్లు. మెట్లెక్కి మంచమెక్కడమే ఆలస్యం. పక్కగదిలో భార్య కర్టెన్లు కుడుతుంది. మిషను చప్పుడు ఆయనకి ఎప్పుడో అలవాటైపోయింది. అలవాటు కానివి ఆవిడ తిట్లే.

"నా మొహం మండ! మళ్లీ అంచు వంకర పోయింది. నా బుర్రలో ఉన్నది మెదడా, మట్టా?"

వేరేవాళ్లని తిడితే సర్దిచెప్పవచ్చు. ఆవిడ తిట్టేది తనని తానే. ఒక్క కుట్టు విప్పేలోపు తనని తాను ఏకిపారేసుకుంటుంది. ఆవిడలో తప్పులు వెతికే భాగ్యం ఇంట్లో ఇంకెవరికీ దక్కదు.

ఒకరోజు ఆయనకో ఉపాయం తట్టింది.

"ఏమే, తప్పు జరిగినప్పుడల్లా తిట్టుకోకుండా, ప్రాణస్నేహితురాలికి రాసినట్టు మనకి మనమే ఓ కవిత రాసుకోవాలట. మనసు తేలికపడుతుందట. ఎవరో డాక్టరుగారు చెప్పారు."

"నాకు కవిత్వమెక్కడ వచ్చండీ?"

"రాకపోతేనేం, నిశ్శబ్దంగా రాసుకోవచ్చు కదా!"

ఆ 'నిశ్శబ్దంగా' దగ్గర ఆవిడ ఆయన వంక అదోలా చూసింది. అయినా గుడ్డముక్క మీద సుద్దతో రాసింది: "వంకర పోయిన అంచూ, బెంగపడకు. గాలొస్తే నువ్వూ ఊగుతావు, తిన్నని అంచులతో పాటే."

ఆయన చదివి, ఫర్వాలేదనుకుని, హాయిగా గుర్రుపెట్టాడు.

కొన్నాళ్లకే కవిత్వం ఇల్లంతా పాకింది.

"నా చొక్కా ఇస్త్రీ చేయలేదేం?"

"కాలరుకి కాగితం గుచ్చాను, చూడండి."

"'అలసిన చేతులారా, పడుకోండి. ముడతలూ బతికిన గుర్తులే.' ఏమిటిది?"

"నన్ను నేను క్షమించుకున్నాను."

"ఈ చొక్కాతో కొట్లో కూర్చుంటే నన్నెవరు క్షమిస్తారే?"

"అది మీరు రాసుకోవాల్సిన కవిత."

వంటింట్లో పాలు పొంగి పొయ్యంతా పారుతున్నాయి. ఆయన తల్లి పక్కనే పెన్సిలు కొరుకుతూ నిలబడింది.

"అమ్మా, నువ్వు కూడానా!"

"నోర్మూసుకోరా, ప్రాస వెతుక్కుంటున్నాను."

ఇలా ఉండగా ఒక ముసలావిడ, పోయిన భర్త వాచీని రుమాల్లో చుట్టి తెచ్చిచ్చింది. ఆయన దాన్ని శుభ్రంగా నడిపించాడు. తీరా మూత బిగించేటప్పుడు అద్దం టప్పున పగిలింది. అలాంటి అద్దం ఇప్పుడు ఎక్కడా దొరకదు.

ఆయన పైకొచ్చి మంచం మీద కూలబడ్డాడు. "ఇవి చేతులా, రోకళ్లా? వెధవని, ఒట్టి వెధవని!"

పక్కగదిలో మిషను ఆగింది. "ఏమండీ, ఇక్కడ కుట్టు సాగట్లేదు. కాస్త నిశ్శబ్దంగా రాసుకోండి," అంటూ ఆవిడ వచ్చి, ఆయన చేతిలో సుద్ద పెట్టింది.

ఆయన "ఓరి దద్దమ్మా" అని మొదలుపెట్టాడు.

"ప్రాణస్నేహితుడికి ఇలాగే రాస్తారా?"

"వాడు చేసిన పని అలాంటిది మరి."

"వాడు ఇలాగే మొహం వేలాడేసుకుని మనింటికొస్తే?"

ఆయన రాసింది చెరిపేశాడు. చాలాసేపు కూర్చుని రాశాడు: "చెయ్యి జారింది. నువ్వు జారిపోకు. వెళ్లి నిజం చెప్పు."

మర్నాడు చెప్పాడు. ముసలావిడ పగిలిన అద్దాన్ని వేలితో తడిమింది. తర్వాత వాచీని చెవికి ఆనించుకుంది.

"నడుస్తోంది కదయ్యా. నాక్కావలసింది ఈ చప్పుడే." ఆయన కళ్లు చూసి, "అంత భయపడ్డవాడివి ఎలా చెప్పగలిగావు?" అంది.

ఆయన నీళ్లు నములుతూ కవిత సంగతి చెప్పాడు. ఆవిడ కళ్లు మెరిశాయి. "నేనూ నన్ను తిట్టుకోని రోజు లేదు. మీ ఇంటికి రావచ్చా? నాకు మధ్యాహ్నాలే తీరిక."

ఆ మధ్యాహ్నం పక్కగదిలో భార్య, తల్లి, ముసలావిడ ముగ్గురూ చేరారు. ఆయన దుప్పటి చెవుల దాకా లాక్కున్నాడు. భర్తని విసుక్కున్న ఒక సాయంత్రం గురించి, తనని తాను ఓదార్చుకుంటూ ముసలావిడ చదువుతోంది. మధ్యలో ఆవిడ గొంతు వణికింది. ఆయన దుప్పటి తీసేసి, వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు.

"నిద్ర పట్టక..." అని నసిగాడు.

"ఎలా పడుతుంది, కన్నతల్లి కూడా ఇంత గోల చేస్తుంటే!" అంది భార్య నవ్వాపుకుంటూ, బల్ల మీద కాస్త పక్కకి జరిగి.