తలకిందుల పిచ్చుక

ఆ ఉదయం డ్రాయింగు మాస్టారి పథకం చాలా చిన్నది. బజారుకెళ్ళి గట్టి ప్లాస్టిక్ కవరు కొనడం, స్టాంపును అందులో పెట్టి బీమా చేయించి పంపడం, మధ్యాహ్నం ఓ కునుకు తీయడం.

స్టాంపంటే మామూలు స్టాంపు కాదు. అచ్చులో పొరపాటు జరిగి, దాని మీద పిచ్చుక తలకిందులుగా పడింది. ఆన్‌లైన్ వేలంలో ఎక్కడో ఒక పళ్ళ డాక్టరు అందరినీ తోసిరాజని దాన్ని దక్కించుకున్నాడు. సరుకు క్షేమంగా అందిందని ఆయన చెబితేగానీ సైటువాళ్ళు డబ్బు వదలరు. ఆ డబ్బు వస్తేగానీ ఇంటి పైకప్పు బాగుపడదు. వాన నీళ్ళు కారినప్పుడల్లా జరుపుతూ పోగా మంచం వంటింటి గుమ్మం దాకా వచ్చింది.

"ఇంకొక్కసారి మంచం జరిగిందంటే నేనూ జరుగుతాను, మా అక్కయ్య ఇంటికి" అని భార్య తేల్చి చెప్పేసింది.

అందుకే మాస్టారు జాగ్రత్తలన్నీ కంఠతా పట్టాడు. రెండువైపులా ఫొటోలు తీశాడు. వేలు తగలనివ్వకుండా పట్టకారుతోనే ఎత్తాడు. ఇంట్లో ఉన్న కాగితపు కవరు మీద డాక్టరు చిరునామా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, స్టాంపు నలగకుండా లోపల రెండు అట్టలు దోపి, స్టాంపును పక్కనే సాసరులో ఉంచి బజారుకు బయల్దేరాడు.

ముప్ఫయ్యేళ్ళు పోస్టాఫీసు కౌంటరులో కూర్చుని రిటైరైన మామగారు ఆ గదిలోనే పేపరు చదువుకుంటున్నారన్న సంగతి ఏ జాగ్రత్తల జాబితాలోనూ లేదు.

తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది.

"మామయ్యగారూ, ఇక్కడి స్టాంపు ఏదండీ?"

"అంటించేశాను బాబూ. చిరునామా రాసి స్టాంపు మరిచిపోతే ఎలా? బరువుకి అదొక్కటీ చాల్లేదు. నా దగ్గరున్నవి ఇంకో రెండు వేసి, పోస్టు చేసొచ్చాను."

"దేంతో... అంటించారు?"

"నాలుకతో. ముప్ఫయ్యేళ్ళలో ఒక్క స్టాంపు ఊడలేదు నాది!"

మాస్టారికి పైప్రాణాలు పైనే పోయాయి. చెప్పులైనా వేసుకోకుండా పోస్టాఫీసుకు పరుగెత్తాడు. కౌంటరులో ఉన్నావిడ మామగారి దగ్గర పని నేర్చుకున్న మనిషి.

"ఆ కవరా? సారు స్వయంగా తెచ్చారని అన్నిటికన్నా ముందు దానికే ముద్ర కొట్టానండీ. పిచ్చుక తలకిందులుగా ఉందేమిటా అనుకున్నాను. కానీ సారుని తప్పుపట్టడానికి నోరు రాలేదు. ముద్ర మాత్రం నిండుగా పడింది. బండి ఇప్పుడే వెళ్ళింది."

మాస్టారు ఉసూరుమంటూ ఇల్లు చేరి, జరిగిందంతా డాక్టరుకు రాశాడు. క్షమించమన్నాడు, డబ్బు వెనక్కి తీసుకోమన్నాడు. భార్య అటక మీది పెట్టె దించింది.

"స్టాంపు అంటించడం కూడా నేరమైపోయింది ఈ ఇంట్లో!" అని మామగారు మూతి ముడుచుకున్నారు.

నాలుగోరోజున డాక్టరు నుంచి జవాబు వచ్చింది. మాస్టారు పైకి చదివాడు.

"డబ్బు వెనక్కి ఎందుకండీ? వాడని తలకిందుల పిచ్చుకలు లోకంలో ఇంకా పదకొండు ఉన్నాయి. అంత నిండు ముద్రతో పోస్టులో ప్రయాణించి వచ్చింది మాత్రం ఇదొక్కటే! ఇలా పంపాలని మీకెలా తట్టింది?"

"నాకు తట్టింది" అన్నారు మామగారు, పేపరు దించకుండానే.

భార్య పెట్టె మళ్ళీ అటకెక్కించింది. సోమవారానికి పైకప్పు పనివాళ్ళు వచ్చారు. మాస్టారికి ఎంత సంతోషమైందంటే, మామగారికి రెండుసార్లు కాఫీ తనే కలిపి ఇచ్చాడు.

సైటులో మాత్రం డాక్టరు ఒక నక్షత్రం తగ్గించాడు: కవరు తెరిస్తే లోపల రెండు అట్టలు తప్ప ఏమీ లేవట.