గదికో వాతావరణం

ఆ శుక్రవారం ఉదయం ఎకార్ట్ వేసుకున్న పథకం చాలా సరళమైనది. మధ్యాహ్నం రైలుకు బ్రెమెన్ నుంచి వదినగారు రోజ్విత దిగేలోగా, లూనెబుర్గ్‌లోని తన ఇంట్లో గదిని వేడిచేసే ప్రతి రేడియేటర్‌కూ తెలివైన కొత్త వాల్వు బిగించాలి. ఏ గదికి ఎంత వేడి కావాలో ఆ గదివారే గోడమీది మీట తిప్పి నిర్ణయించుకోవాలి. జీవితమంతా భూములు కొలిచి, సరిహద్దు రాళ్లు పాతించి పదవీ విరమణ చేసిన మనిషికి నాలుగు గదులు ఒక లెక్క కాదు.

అతని భార్య గెసీనకు మాత్రం అది అంత తేలిక విషయం కాదు. భర్త పోయిన నాటినుంచి ఒంటరిగా ఉంటున్న అక్క రోజ్విత, బ్రెమెన్‌లోని ఇల్లు ఖాళీచేసి వీళ్లతో ఉండిపోవడమా, మానడమా అన్నది ఈ రాకలోనే తేల్చుకుంటానంది. అక్కకు చలి గిట్టదు. ఎకార్ట్‌కు ఉక్క గిట్టదు. ఇద్దరూ ఒకే కప్పు కింద బతకాలంటే గదికో వాతావరణం ఉండి తీరాలి. అక్క ఉండిపోవాలని గెసీన ఎంతగా కోరుకుంటోందంటే, పైకి అంటే ఎక్కడ చెదిరిపోతుందోనని ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఎకార్ట్ నాలుగు వాల్వులనూ భోజనాల బల్లమీద పేర్చి, ఒక్కొక్కదానికి ఫోన్‌లో గది పేరు పెట్టి, ఆ గది గోడమీటకు జతచేసి, ఏది ఏ గదిదో చీటీమీద రాసి దాని ముందుంచి, పానా కోసం నేలమాళిగలోకి దిగాడు. సరిగ్గా అప్పుడే ఇంటికి గాలి మార్చే వేళయింది. జనవరి కానీండి, మంచు కురవనీండి, పొద్దున్నే కిటికీలన్నీ బార్లా తెరిచి పాతగాలిని సాగనంపని గృహిణికి ఆ వీధిలో మర్యాద ఉండదు. రెండు వైపులా కిటికీలు తెరుచుకోగానే వీచిన గాలికి రెండు చీటీలు ఎగిరి నేలమీద పడ్డాయి. గెసీన వాటిని శ్రద్ధగా ఏరి మళ్లీ పెట్టింది. వాల్వులన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. రెండు చీటీలు, రెండు ఖాళీలు. పొరపాటుకు ఉన్న అవకాశం సగమే. ఆ సగమే జరిగింది.

దాని పర్యవసానంగా ఎకార్ట్ చదువుగది వాల్వు అతిథిగదికీ, అతిథిగది వాల్వు చదువుగదికీ చేరాయి. గోడమీటలూ, కిటికీ తెరిస్తే ఆ గది వేడిని ఆపించే చిన్న తెల్లబిళ్లలూ మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. కనుక ఆ రెండు గదుల్లో ఎవరు ఏం చేసినా, ఫలితం అనుభవించేది అవతలి గదివారే.

"ఇదిగో వదినా, ఇది మీ రాజ్యం" అన్నాడు ఎకార్ట్ ఆ మధ్యాహ్నం మీట చూపిస్తూ. "సిసిలీ కావాలంటే సిసిలీ, ఐస్‌లాండ్ కావాలంటే ఐస్‌లాండ్."

"నాకు బ్రెమెన్ చాలు బాబూ" అంది రోజ్విత.

తర్వాత అతను తన గదిలోకి వెళ్లి, అలవాటు ప్రకారం మీటను పదిహేడు డిగ్రీల దగ్గర పెట్టుకున్నాడు.

"నిద్ర పట్టిందా అక్కా?" అని మర్నాడు ఫలహారం దగ్గర గెసీన అడిగింది.

"హాయిగా పట్టిందే" అంది రోజ్విత, రెండో స్వెట్టరుమీద శాలువా సర్దుకుంటూ. అతిథి చలి అనడమంటే ఇంటివారిని పిసినారులనడమేనని ఆమె పెంపకం. అందుచేత నోరెత్తకుండా గదికి వెళ్లి మీటను ఇరవైమూడుకు తిప్పింది. చదువుగది వేడెక్కింది. ఎకార్ట్ చొక్కా విప్పి, తన మీటను పదిహేనుకు దించాడు. అతిథిగది ఇంకా చల్లబడింది. ఆమె ఇరవైయారుకు పెంచింది.

గెసీన చదువుగదిలోకి తొంగిచూసి కంగారుపడింది. "ముఖమంతా కందిపోయింది! జ్వరం కాదు కదా? నోరు తెరువు."

"జ్వరం కాదు. యంత్రం గది స్వభావం నేర్చుకుంటోంది."

"అది నేర్చుకునేలోగా నువ్వు ఉడికిపోతావు" అని ఆమె థర్మామీటరు అతని నోట్లో పెట్టి, టీ పెట్టడానికి వెళ్లింది. ఎకార్ట్ ఇక తాళలేక కిటికీ తెరిచాడు. కిటికీ బిళ్ల తన ధర్మం తాను నిర్వర్తించింది: అతిథిగదిలో మిగిలిన ఆ కాస్త వేడి కూడా ఆగిపోయింది.

టీ కప్పుతో వెళ్లిన గెసీనకు అక్క మంచం అంచున కనిపించింది: ఒంటిమీద కోటు, నెత్తిన టోపీ, చేతులకు తొడుగులు, ఒళ్లో సంచి.

"అక్కా! వెళ్లిపోతున్నావా?"

"వెళ్లిపొమ్మంటున్నావా?"

"అయ్యో, నేనెందుకంటానే!"

"నోటితో అనక్కర్లేదమ్మా. రేడియేటర్‌తో అనొచ్చు."

గెసీన భోరుమంది. ఆ ఏడుపు విని ఎకార్ట్ బనియనుతో, చెమటలు కక్కుతూ, నోట్లో థర్మామీటరుతో పరుగెత్తుకొచ్చాడు. రోజ్విత అతన్ని తలనుంచి పాదాలదాకా చూసింది.

"బాగుంది. మరిదిగారికి జూలై, నాకు జనవరి."

ఎకార్ట్ థర్మామీటరు తీశాడు. "అసంభవం! చూడండి వదినా, మీ మీట ఇరవైయారు మీదుంది."

"మీట ఇరవైయారు మీదే ఉంది నాయనా. నేనే సున్నామీదున్నాను."

అతను ఆమె రేడియేటర్‌మీద చెయ్యి పెట్టాడు, మంచుగడ్డ. వెళ్లి తనదానిమీద పెట్టి, చురుక్కుమని తీశాడు. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు.

"చీటీలు..." అంది గెసీన ముక్కు తుడుచుకుంటూ.

"ఏ చీటీలు?"

"గాలికి పడిపోయాయి. మళ్లీ నేనే పెట్టాను. చక్కగానే పెట్టాను."

"నా సర్వీసులో ఒక్క రాయి పక్కకు జరగలేదు" అన్నాడతను నీరసంగా. "ఆ ఒక్కరోజూ గాలి మార్చడం మానేసి ఉంటే..."

"మానడమా?" అన్నారు అక్కచెల్లెళ్లు ఒక్కసారే. ఇద్దరూ ఒకే పక్షాన నిలబడ్డారని ముందుగా గ్రహించినవాడు ఎకార్టే. అతను పేర్లు సరిచేయడానికి ఫోన్ తీశాడు.

"ఆగు" అంది రోజ్విత. "ఇది ఇలాగే ఉంటే, నాకు చలేసినప్పుడు ఏం చెయ్యాలి?"

"నా తలుపు తట్టాలి. మీ వేడి నా గది మీటలో ఉంది."

"నీకు ఉక్కపోస్తే?"

"నేనొచ్చి మిమ్మల్ని బతిమాలుకోవాలి."

రోజ్విత ఒక చేతి తొడుగు మెల్లగా తీసింది. "బ్రెమెన్‌లో నా ఇల్లంతా వెచ్చగానే ఉంటుంది. చలేస్తోందా అని అడిగే మనిషే ఉండడు. ఆ పేర్లను ముట్టుకోకు."

"అంటే... ఉంటావా అక్కా?"

"ముందు మీ ఆయన్ని వెళ్లి తన గదిలోని నా మీట పెంచమను. కోటు విప్పగలిగితే అప్పుడు చెబుతాను."

ఆమె కోటు విప్పింది. మార్చి నెలలో సామాను కూడా తెచ్చుకుంది. ఇప్పుడు ఆ ఇంటికి వచ్చే ప్రతి అతిథికీ ఎకార్ట్ ఆ రెండు గదులూ తిప్పి చూపిస్తూ, ఒకరి మీట ఇంకొకరి గదిలో ఉంచడం మొదటినుంచీ తన పథకమేనని వివరిస్తున్నాడు.